లూసర్న్ లెక్క నేల చెబుతుంది

పశుగ్రాసాల రాణిగా పేరున్న ఈ పంట ఒక పొలంలో పాడి రైతు ఖర్చు తగ్గిస్తే, పక్క పొలంలో అప్పు మిగులుస్తుంది. విత్తనం ఒకటే, ఎరువులూ ఒకటే. తేడా అంతా కిందనున్న మట్టిది.

పాల ధర మీద మన దగ్గర జరిగే చర్చంతా సేకరణ కేంద్రం దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. వెన్న శాతం ఎంత వచ్చింది, లీటరుకు ఎంత పెంచారు, బోనస్ ఎప్పుడిస్తారు అన్నవే ప్రశ్నలు. కానీ పాల ఉత్పత్తికయ్యే ఖర్చులో మేత, దాణాల వాటాయే స్థూలంగా 60 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. ధర ఎంత పెరిగినా మేత బిల్లు అంతకంటే వేగంగా పెరిగితే రైతుకు మిగిలేది పేడే.

దేశంలో 2023-24లో ఉత్పత్తయిన పాలు దాదాపు 23.9 కోట్ల టన్నులు. ప్రపంచంలో మరే దేశమూ ఇన్ని పాలు పితకడం లేదు. అయితే ఆ పశువుల కోసం పచ్చిమేత పండిస్తున్నది మొత్తం సాగు విస్తీర్ణంలో సుమారు 4 శాతంలోనే. ఈ వాటా దశాబ్దాలుగా అక్కడే నిలిచిపోయింది. పచ్చిమేత కొరత 35.6 శాతమని ఝాన్సీలోని భారత పశుగ్రాస పరిశోధన సంస్థ తన విజన్ 2050 పత్రంలో లెక్కగట్టింది. తర్వాతి అంచనా దాన్ని 11 శాతం పైచిలుకుకు తగ్గించింది. ఏ అంకెను నమ్మినా కొరత మాత్రం నిజం. ఆ లోటును రైతు భర్తీ చేసుకునేది కొన్న దాణాతో, వేరుశనగ చెక్కతో, పత్తిగింజల చెక్కతో.

సరిగ్గా ఇక్కడే లూసర్న్ రంగంలోకి వస్తుంది. అమెరికాలో అల్ఫాల్ఫా, గుజరాత్‌లో రజకో, రాజస్థాన్‌లో రిజ్కా, తమిళనాడులో కుదిరై మసాల్. అన్నీ ఈ మొక్క పేర్లే. తమిళ పేరులో కుదిరై అంటే గుర్రం. అల్ఫాల్ఫా అన్న మాట కూడా అరబ్బీ మీదుగా వెనక్కి వెళితే గుర్రపు మేత అనే అర్థమున్న పర్షియన్ పదం దగ్గర తేలుతుంది. సైన్యాల గుర్రాల కోసం ఖండాలు దాటిన గడ్డి ఇప్పుడు గేదెలు, ఆవుల తొట్టెల్లోకి చేరింది. దేశంలో సుమారు 10 లక్షల హెక్టార్లలో ఇది సాగవుతోందని అంచనా. హెక్టారుకు ఏడాదికి 60 నుంచి 130 టన్నుల పచ్చిమేత వస్తుంది.

60కి, 130కి మధ్య తేడా చిన్నది కాదు. ఒకే పంటలో ఒక రైతుకు ఒక వంతు, ఇంకో రైతుకు రెండు వంతులు ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్నకు వాతావరణం, రకం, యాజమాన్యం అన్నీ జవాబులే. అయితే వీటన్నిటికీ హద్దు గీసేది నేల. లాభం విషయంలోనైతే నేల మాట మరింత గట్టిది. ఎందుకంటే దిగుబడితో పాటు పంట ఎన్నేళ్లు బతకాలన్నదీ అదే తేలుస్తుంది.

ఎంతకు గిట్టుబాటు?

ముందు రాణిగారి విలువ ఎంతో చూద్దాం. పచ్చి లూసర్న్‌లో నీరు పోగా మిగిలే పొడి పదార్థం సుమారు 20 శాతం. ఆ పొడి పదార్థంలో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి. అంటే 25 కిలోల పచ్చిమేత పశువుకు పెడితే ఒక కిలో మాంసకృత్తులు అందినట్టు. అదే కిలో కోసం 45 శాతం మాంసకృత్తులున్న వేరుశనగ చెక్క అయితే 2.2 కిలోలు కావాలి. చెక్క కిలో 45 రూపాయలనుకుంటే ఆ ఖర్చు సుమారు 100 రూపాయలు. ఆ లెక్కన లూసర్న్ కిలో 4 రూపాయల లోపు ఖర్చుతో తొట్టెలోకి చేరితేనే చెక్క కొనడం కంటే మేలు. చెక్క ధర మారితే ఈ గీత కూడా పైకో కిందికో జరుగుతుంది. పద్ధతి మాత్రం మారదు.

ఇక ఖర్చు సంగతి. ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం, మెత్తటి దుక్కి, చదును, పశువుల ఎరువు, హెక్టారుకు 80 నుంచి 120 కిలోల భాస్వరం, విత్తనానికి పట్టించే రైజోబియం, మొదటి రెండు నెలల కలుపు. ఇదంతా తొలి కోతకు ముందే పెట్టాల్సిన డబ్బు. ఉదాహరణకు ఇది ఎకరాకు 20 వేల రూపాయలనుకుందాం. విత్తిన 55 నుంచి 75 రోజులకు మొదటి కోత, ఆ తర్వాత 25 నుంచి 35 రోజులకొకటి. పంట 7 కోతలిచ్చి చచ్చిపోతే ఒక్కో కోత మీద పడే తొలి పెట్టుబడి 2,857 రూపాయలు. అదే పంట మూడేళ్లు నిలిచి 24 కోతలిస్తే 833 రూపాయలే. కోతకు 4 టన్నులు వస్తాయనుకుంటే మొదటి పొలంలో కిలోకు 71 పైసలు, రెండో పొలంలో 21 పైసలు. కిలోకు అర్ధ రూపాయి తేడా. చెక్కతో పోటీ గీత 4 రూపాయల దగ్గర ఉన్నప్పుడు అర్ధ రూపాయి అంటే ఎనిమిదో వంతు.

అందుకే లూసర్న్ ఆర్థికశాస్త్రంలో మొదటి పాఠం పంట ఆయుష్షు. ఆ ఆయుష్షుకు కావాల్సినవి నాలుగు: వేరు దిగడానికి లోతు, నీరు నిలవకుండా జారిపోయే గుణం, ఆమ్లమూ క్షారమూ మితిమీరని స్వభావం, కరిగిపోయిన పోషకాలను తిరిగి నింపే శక్తి. ఈ నాలుగూ ఒకేచోట దొరికే నేల మన దేశంలో అరుదు. ఏది లోపిస్తే దానికి డబ్బు పెట్టాలి. ఒక్కో నేలలో ఒక్కో చోట పెట్టాలి.

ఇసుక నేల: నీటి బిల్లు

కచ్, బనస్కాంఠా, పశ్చిమ రాజస్థాన్‌లలోని ఇసుక గరప నేలలను చూస్తే లూసర్న్ వాటికోసమే పుట్టిందనిపిస్తుంది. తల్లివేరు రెండు మూడు మీటర్లు అలవోకగా దిగుతుంది. వాన పడినా నీరు నిలవదు కాబట్టి వేరుకుళ్లు బెడద తక్కువ. ఇలాంటి చోట్ల మంచి బహువార్షిక రకాన్ని మూడు నాలుగేళ్లు నిలబెట్టవచ్చు. తొలి పెట్టుబడి పలచబడుతుంది. వాన పడిన మర్నాడే పొలంలో దిగి కోయవచ్చు కాబట్టి మేత సరఫరా ఆగదు.

అయితే ఇసుక ఏదీ దాచుకోదు. నీరు ఇంకినంత వేగంగా పోషకాలూ కిందికి జారిపోతాయి. నల్లరేగడిలో 15 రోజులకొక తడి సరిపోయే రోజుల్లో ఇక్కడ వారానికొకటి కావచ్చు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్క ప్రకారం ఈ పంటకు ఒక సాగుకాలంలో 800 నుంచి 1,600 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఘనపు మీటరు నీటికి వచ్చే ఎండుమేత ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. ఎకరాకు 30 టన్నుల పచ్చిమేత, అంటే సుమారు 7 టన్నుల ఎండుమేత తీయాలంటే 35 నుంచి 47 లక్షల లీటర్ల నీరు పట్టిందన్నమాట. ఇది మొక్క వాడుకున్న నీరు మాత్రమే. కాలువలో ఇంకిపోయింది, వేరు అందుకోలేనంత కిందికి జారింది అదనం.

గంటకు 10 వేల లీటర్లు పోసే 5 హార్స్‌పవర్ బోరు 40 లక్షల లీటర్లు తోడాలంటే 400 గంటలు ఆడాలి. కరెంటు దాదాపు 1,500 యూనిట్లు. యూనిట్ సరఫరాకు 7 రూపాయలు అవుతుందనుకుంటే పది వేల రూపాయల పైచిలుకు. కిలో మేత మీద 35 పైసలు. ఇసుక నేలలో వృథా కలిపితే ఇంకా ఎక్కువ. ఈ సొమ్ము రైతు జేబులోంచి పోవడం లేదు కాబట్టి లెక్కలోకి రావడం లేదు. తుంపర సేద్యం, బిందు సేద్యం ఎక్కువగా పొదుపు చేసేది ఇలాంటి నేలల్లోనే. కానీ కరెంటు ఉచితమైన చోట ఆ పొదుపు రైతుకు డబ్బుగా కనిపించదు. బోరు ఎండిపోయే రోజునే కనిపిస్తుంది.

నల్లరేగడి: నీటిని బయటికి పంపే ఖర్చు

నల్లరేగడిది సరిగ్గా ఎదురు సమస్య. తేమను పట్టి ఉంచుతుంది, తడులు తగ్గుతాయి. దక్కను నల్లరేగడిలో పొటాష్ నిల్వలు సమృద్ధి. అంటే నీరు, ఎరువు రెండింటిలోనూ ఆదా. కానీ ఉబ్బిన బంకమట్టి రంధ్రాలు మూసుకుని వేళ్లకు గాలి అందదు. రెండు మూడు రోజులు నీరు నిలిస్తే వేరుకుళ్లు మొదలవుతుంది. వేసవిలో, అందులోనూ కోత అయిన వెంటనే నిలిచిన వేడి నీరు మొక్కను ఉడకబెట్టినట్టే చంపుతుంది. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయ బంకమట్టి రైతులకూ ఇది పాత శత్రువే. అక్కడ పొలం కింద పైపులు పరిచి మురుగు నీటిని, ఉప్పును బయటికి పంపుతారు.

మన రైతు చేయగలిగింది కొంత చవకైనదే. వాలు చూసి మడులు కురచగా వేయడం, ఎత్తు మడుల మీద విత్తడం, కోసిన రెండు మూడు రోజులు ఆగి తడి ఇవ్వడం, మురుగు కాలువ తీయడం. అయినా కుండపోత వానలను ఇవన్నీ ఆపలేవు. అందుకే బరువు నేలల్లో చాలామంది లూసర్న్‌ను ఏడాది పంటగానే చూస్తారు. అక్టోబర్, నవంబర్‌లలో విత్తి, వానలు వచ్చేసరికి ఏడెనిమిది కోతలు తీసి దున్నేస్తారు. ఇది ఓటమి కాదు, లెక్క. బహువార్షిక విత్తనానికి ఎక్కువ ధర పెట్టి రెండో ఏడాది సగం మొక్కలే మిగిలిన పొలాన్ని సాగదీయడం కంటే, ముందే ఏడాది పంట అనుకుని ఖర్చు తగ్గించుకోవడం మేలు. వానాకాలం అదే పొలంలో జొన్నో మొక్కజొన్నో వేస్తే మరో లాభం కూడా ఉంది. లూసర్న్ వేరు బుడిపెల్లో బాక్టీరియా గాలిలోంచి పట్టి ఉంచిన నత్రజనిలో కొంత భాగం ఆ పంటకు ఉచితంగా అందుతుంది. పాత లూసర్న్ తీసిన వెంటనే అదే పొలంలో మళ్లీ లూసర్న్ వేస్తే మాత్రం మొలక దెబ్బతింటుంది. పాత మొక్కలు మట్టిలో వదిలిన పదార్థాలు తమ జాతి మొలకలనే ఎదగనివ్వవు. మధ్యలో ధాన్యపు పంట ఉండాల్సిందే.

ఎర్ర చల్కాలు: లోతెంత?

తెలంగాణ, రాయలసీమ, కర్ణాటక పాడి రైతుల్లో చాలామందికి ఉన్నది ఎర్ర నేల. నీరు నిలవదు, దున్నడం తేలిక. పైకి చూస్తే ఇదే సరైన నేల అనిపిస్తుంది. చిక్కంతా కింద ఉంది. చాలా చల్కాల్లో అడుగున్నర, రెండడుగుల తర్వాత మొరం, రాయి తగులుతాయి. మూడు మీటర్లు దిగాల్సిన వేరు అక్కడ ఆగిపోతే లూసర్న్‌కున్న అసలు బలం పోయినట్టే. లోతు నుంచి తేమ తెచ్చుకోలేని మొక్క పై తడుల మీద ఆధారపడుతుంది, ఎండలకు త్వరగా అలిసిపోతుంది. ఇసుక నేలకున్న నీటి ఖర్చు, నల్లరేగడికున్న తక్కువ ఆయుష్షు రెండూ ఒకేసారి మీద పడతాయి.

రెండో చిక్కు ఆమ్ల గుణం. ఉదజని సూచిక 6.5 నుంచి 7.5 మధ్య లూసర్న్‌కు హాయి. 6 కంటే తగ్గితే ముందు దెబ్బతినేది మొక్క కంటే దాని వేరు బుడిపెల్లోని బాక్టీరియా. నత్రజని తయారీ పడకేస్తే రైతు యూరియా కొనాలి. అంటే పప్పుజాతి పంట వేసి గడ్డిజాతి పంట ఖర్చు పెట్టినట్టు. ఒడిశా, కేరళ, ఈశాన్య రాష్ట్రాల ఎర్ర నేలల్లో ఈ సమస్య తీవ్రం. మందు సున్నం. అది మట్టిలో కలిసి పనిచేయడానికి నెలలు పడుతుంది కాబట్టి విత్తే ముందు వారం చల్లితే లాభం లేదు. తెలుగు రాష్ట్రాల చల్కాలు ఎక్కువ చోట్ల ఇంత పులుపు కావు. ఇక్కడ సున్నం కొనే ముందు పరీక్ష చేయించుకోవడమే ఆదా.

చౌడు: గుణకారం ముందే చేయాలి

ఉప్పు విషయంలో లూసర్న్‌ది మధ్యరకం ఓర్పు. సంతృప్త మట్టి ద్రావణంలో లవణ సూచిక మీటరుకు 2 డెసిసైమన్లు దాటాక, పెరిగే ప్రతి ఒక్క యూనిట్‌కూ దిగుబడి 7.3 శాతం చొప్పున పడిపోతుంది. సూచిక 5 ఉన్న పొలంలో నష్టం 22 శాతం. 8.8 దగ్గర సగం పంట పోతుంది. దీన్ని డబ్బులోకి మార్చడం కష్టం కాదు. విత్తనం, దుక్కి, తడులు, కలుపు ఖర్చు తగ్గదు, మేత మాత్రం ఐదో వంతో సగమో తగ్గుతుంది. పైగా మొలక దశలో ఉప్పు దెబ్బ మరీ ఎక్కువ. ఒత్తుగా మొలవని పొలంలో ఖాళీలన్నీ కలుపుకే.

ఇక్కడ రైతులు తరచూ పొరబడే విషయం ఒకటుంది. మన ప్రయోగశాలలు ఇచ్చే కార్డులో లవణ సూచికను సాధారణంగా మట్టికి రెండు రెట్లో రెండున్నర రెట్లో నీరు కలిపి కొలుస్తారు. పలచబడిన ద్రావణం కాబట్టి అంకె చిన్నదిగా వస్తుంది. పైన చెప్పిన 2, 5, 8.8 అంకెలతో దాన్ని నేరుగా పోల్చి ధీమా పడకూడదు. ఏ పద్ధతిలో కొలిచారో అడగాలి.

తెల్ల చౌడుకు, కారు చౌడుకు వైద్యం కూడా ఒకటి కాదు. కేవలం లవణాలే సమస్య అయితే మంచి నీటితో కడిగి బయటికి పంపాలి, అందుకు మురుగు కాలువ ఉండాలి. సోడియం పట్టుకున్న క్షార నేలకు జిప్సం కావాలి. ఈ ఖర్చును ఒక్క లూసర్న్ మీద వేస్తే ఏనాటికీ గిట్టదు. వచ్చే పదేళ్ల పంటలన్నిటి మీదా పంచగలిగితేనే అర్థముంది. లేదంటే ఆ తడి చౌడులో పారా గడ్డి వేసుకుని, మాంసకృత్తుల కోసం చెక్క కొనుక్కోవడమే తెలివైన పని.

పొలం దాటిన పొటాష్

అన్ని నేలలకూ వర్తించే, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఖర్చు ఒకటుంది. ఒక టన్ను ఎండు లూసర్న్ పొలం నుంచి సుమారు 25 కిలోల పొటాష్‌ను పట్టుకుపోతుంది. ఎకరాకు 7 టన్నులు తీస్తే 175 కిలోలు. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో 60 శాతమే పొటాష్ ఉంటుంది కనుక, పూర్తిగా ఎరువుతో భర్తీ చేయాలంటే 50 కిలోల బస్తాలు ఆరు కావాలి. బస్తా 1,500 రూపాయలు అనుకున్నా ఏడాదికి 9 వేల రూపాయలు. నల్లరేగడి ఈ అప్పును కొన్నేళ్లపాటు తన ఖజానాలోంచి తీరుస్తుంది. ఇసుక, ఎర్ర నేలల దగ్గర అలాంటి ఖజానా లేదు. అక్కడ రెండో ఏడాదికే ఆకు అంచుల మీద తెల్ల చుక్కలు కనిపిస్తాయి, మొక్కలు పలచబడతాయి. రైతు విత్తనం మంచిది కాదనుకుంటాడు.

పశువు తిన్న పొటాష్‌లో అత్యధిక భాగం శరీరంలో మిగలదు. పేడలో, అంతకంటే ఎక్కువగా మూత్రంలో బయటికి వచ్చేస్తుంది. కాబట్టి లూసర్న్‌ను సొంత పశువులకు వేసి, పేడ, మూత్రం తిరిగి అదే పొలానికి చేర్చే రైతు ఈ 9 వేలలో పెద్ద భాగం మిగుల్చుకుంటాడు. కట్టలు కట్టి పట్నం డెయిరీలకు అమ్మే రైతు రోజూ మేతతో పాటు తన పొలం పొటాష్‌ను కూడా ఉచితంగా పంపిస్తున్నాడు. అమ్మకపు ధరలో అది కలవకపోతే ఆ వ్యాపారంలో కనిపించే లాభంలో కొంత నిజానికి నేల మూలధనమే. కొట్టంలో మూత్రం పారి వృథా అయ్యే మట్టి నేల బదులు, గుంటలోకి చేరే వాలు గచ్చు వేయడం వల్ల ఇసుక నేల రైతుకు వచ్చే లాభం నల్లరేగడి రైతుకంటే ఎక్కువ.

నీటి ధర ఎవరిది?

ఇసుక నేల, లోతు బోరు, చవక కరెంటు కలిస్తే ఏమవుతుందో చూపించే ఉదాహరణలకు కొదవ లేదు. సౌదీ అరేబియా తన ఎడారిలో గుండ్రటి పొలాలు వేసి, తిరిగి నిండని భూగర్భ జలాలతో ఈ గడ్డిని పండించింది. నీటిమట్టాలు పడిపోయాక 2015లో పచ్చిమేత సాగును దశలవారీగా ఆపేయాలని నిర్ణయించింది. 2018 చివరికల్లా పెద్ద కంపెనీలు ఆపేశాయి. అంతకు ముందే, 2014లో అక్కడి డెయిరీ దిగ్గజం అల్‌మరాయ్ అమెరికాలోని అరిజోనాలో దాదాపు 9,800 ఎకరాలను 4.75 కోట్ల డాలర్లకు కొంది. అక్కడ లూసర్న్ పండించి ఓడల్లో ఇంటికి పంపుకుంది. అరిజోనా ప్రభుత్వ భూములను కూడా దాని అనుబంధ సంస్థ ఎకరాకు సుమారు 25 డాలర్ల ఏడాది కౌలుకు తీసుకుంది. తోడే నీటికి మాత్రం ధరే లేదు. విమర్శలు వెల్లువెత్తాక 2023 అక్టోబర్‌లో ఆ రాష్ట్ర గవర్నర్ కేటీ హాబ్స్ బట్లర్ లోయ కౌళ్లకు తెర దించారు. కొలరాడో నదీ పరీవాహకంలో మనుషులు నేరుగా వాడే నీటిలో 46 శాతం లూసర్న్, ఇతర మేత పంటలకే పోతోందని 2024లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది.

ఈ కథ మనకు కొత్త కాదు. ఉత్తర గుజరాత్ పాలతో పాటు భూగర్భ జలాలను ఎగుమతి చేస్తోందన్న వాదన 2004లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో చర్చకు వచ్చింది. అక్కడ పాడి వేలాది చిన్న కుటుంబాలకు ఆధారం, ఆ పాడికి లూసర్న్ ఆధారం, లూసర్న్‌కు బోరు ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్ 2004లో మొదలైంది. తెలంగాణలో 2018 నుంచి 24 గంటల సరఫరా వచ్చింది. ఈ రాయితీ చిన్న రైతును బతికించింది, నిజం. కానీ నీటికి విలువ లేని చోట ఏ నేలలో ఏ మేత వేయాలన్న నిర్ణయం తప్పుదోవ పడుతుంది. రెండడుగుల చల్కాలో లూసర్న్ లాభసాటిగా కనిపించడానికి చాలాసార్లు కారణం, దాని అసలు ఖర్చులో కొంత వేరొకరి ఖాతాలో పడడమే.

ఎకరమంతా అక్కర్లేదు

అలాగని లూసర్న్‌ను వదిలేయాలని కాదు, తగిన చోట తగినంతే వేయాలి. ఎకరం పొలాన్ని 28 మడులు చేసి రోజుకొకటి కోస్తే, కోతకు 4 టన్నుల లెక్కన రోజుకు సుమారు 140 కిలోలు వస్తాయి. పశువుకు 15 కిలోలు వేస్తే తొమ్మిదింటికి సరిపోతుంది. అంతకంటే ఎక్కువ పెట్టడం వృథానే కాదు, ప్రమాదం కూడా. పచ్చి లూసర్న్ ఒక్కటే కడుపునిండా తిన్న పశువుకు కడుపుబ్బరం వస్తుంది. వరిగడ్డో చొప్పో కలిపి వేయాలని అనుభవమున్న పాడి రైతులందరికీ తెలుసు. రెండు గేదెలున్న ఇంటికి ఎకరంలో నాలుగో వంతు చాలు. ఆ పది గుంటల్ని పొలంలో అన్నిటికంటే లోతైన, నీరు నిలవని చోట ఎంచుకోవాలి.

మిగతా నేలకు వేరే మేతలున్నాయి. బరువైన, తేమ ఉండే నేలలో హైబ్రిడ్ నేపియర్ లూసర్న్ కంటే ఎన్నో రెట్లు బరువు తూగుతుంది, మాంసకృత్తులు మాత్రం సగమే. లోతు తక్కువున్న ఎర్ర నేలకు దశరథ గడ్డి నప్పుతుంది. దీన్ని హెడ్జ్ లూసర్న్ అంటారు కానీ లూసర్న్‌తో చుట్టరికం దూరం. మాంసకృత్తుల్లో దానికి దగ్గరగా నిలుస్తుంది, నీటి ఎద్దడిని బాగా ఓర్చుకుంటుంది. పంజాబ్, హర్యానా ఒండ్రు నేలల్లో చలికాలపు రాజ్యం బర్సీమ్‌దే.

నిర్ణయానికి సాయం చేయాల్సిన వ్యవస్థ మాత్రం సగం దారిలో ఆగింది. రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో 2015 ఫిబ్రవరిలో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం 12 అంశాలను చెబుతుంది. ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, ఐదు సూక్ష్మ పోషకాలు. పై పొర మట్టి గురించి ఇది విలువైన సమాచారమే. లూసర్న్ ఆయుష్షును తేల్చే రెండు సంగతులు, మట్టి లోతు ఎంత, నీరు ఎంత వేగంగా జారుతుంది అన్నవి, ఆ కార్డులో లేవు. పశుగ్రాస విత్తనాల మీద రాయితీ ఇచ్చే పథకాలు కూడా ఎన్ని ఎకరాలని అడుగుతాయి, ఎలాంటి నేల అని అడగవు. ఫలితంగా ఒకే మినీకిట్ ఇసుకకూ, చౌడుకూ చేరుతుంది.

ఆ రెండు సంగతులూ తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. విత్తనం కొనే ముందు పొలంలో రెండు మూడు చోట్ల మూడడుగుల గొయ్యి తీసి చూడాలి. మొరం ఎక్కడ తగిలింది? బిందెలతో నీరు నింపితే మర్నాటి పొద్దుటికి ఇంకిందా, అలాగే ఉందా? దీనికయ్యే ఖర్చు ఒక పూట కూలి. ఆ గొయ్యి ఇచ్చే జవాబు మీదే మూడేళ్ల మేత ఖర్చు, దాంతోపాటు లీటరు పాల మీద మిగిలే రూపాయి ఆధారపడి ఉన్నాయి.

ఏ నేలలో ఖర్చు ఎక్కడ?

ఇసుక, దుబ్బ నేలలు: పంట ఆయుష్షు ఎక్కువ. నీరు, పొటాష్, గంధకం ఖర్చు ఎక్కువ. తక్కువ నీటితో తరచూ తడులు, తుంపర సేద్యం మేలు. భాస్వరాన్ని సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ రూపంలో వేస్తే గంధకం కూడా అందుతుంది.

గరప, లోతైన ఒండ్రు నేలలు: అన్నిటికంటే అనువైనవి. మూడేళ్ల లెక్క వేసుకుని బహువార్షిక రకాలకు వెళ్లవచ్చు. బంగారు తీగ గింజలు కలవని శుభ్రమైన విత్తనం మీద పెట్టే రూపాయికి ఇక్కడే ఎక్కువ ఫలం.

నల్లరేగడి: తడులు, పొటాష్ ఆదా. మురుగు కాలువ, ఎత్తు మడులు తప్పవు. ఏడాది పంటగా లెక్క వేసుకోవడం క్షేమం.

ఎర్ర చల్కాలు: లోతు మూడడుగులు దాటితేనే లూసర్న్. పులుపు నేలల్లో కొన్ని నెలల ముందే సున్నం. లోతు లేకపోతే దశరథ గడ్డి.

చౌడు నేలలు: ముందు పరీక్ష, తర్వాతే నిర్ణయం. బాగుచేసే ఖర్చును ఒక్క పంట మీద వేయకూడదు.